నాలుగు పచ్చ చుక్కలు

అప్పటిదాకా నిక్షేపంగా ఎగురుతున్న డ్రోన్, ఎవరో కాళ్లు పట్టి కిందికి గుంజినట్టు, వెంకటరాజు గారి చేలో కూలబడింది. పెద్ద శబ్దమేమీ రాలేదు. దాళ్వా పంట చేలో నీళ్లున్నాయి కాబట్టి తపుక్కుమని ఒక్క చప్పుడు, ఆ తరవాత రెక్కలు బురదలో కొట్టుకుంటున్న గరగర, ఆపైన అదీ లేదు.

ప్రిస్కిల్లా రిమోట్ పట్టుకుని గట్టు మీద నిలబడింది నిలబడినట్టే ఉండిపోయింది. తెర మీద బ్యాటరీ ఇంకా నలభై రెండు శాతమని కనపడుతోంది. నలభై రెండు ఉన్నది పడిపోవడమేమిటి? ముప్పైకి దిగకముందే కిందికి దించేయడం ఆమెకు అలవాటు. రెండు పంటలుగా ఈ యంత్రాన్ని ఎగరేస్తోంది, ఒక్క రెక్క గీసుకున్న పాపాన పోలేదు.

"ఏంటమ్మా ప్రిస్కిల్లా, దోమకి మందు కొడతావనుకుంటే, నీ డ్రోను దోమని పట్టుకోడానికే దిగిపోయిందేంటి?" అన్నారు వెంకటరాజు గారు. నవ్వించడానికే అన్నారు గానీ ఆయన మొహంలోనూ నెత్తురు చుక్క లేదు. పొట్ట మీదున్న వరి, రెండు మంచాలంత మేర పడుకుండిపోయింది.

దుర్గాశ్రీ అప్పటికే చుడీదారు మడుచుకుని చేలోకి దిగిపోయింది. రెండో పైలట్ ఆమె. ఆమె ఒక పక్క, వెంకటరాజు గారొక పక్క పట్టి యంత్రాన్ని గట్టు మీదికి మోసుకొచ్చారు. బురద తుడిచి చూస్తే బ్యాటరీ పక్కలు రెండూ నూనెలో పడ్డ పూరీలా పొంగి ఉన్నాయి.

"ముట్టుకోకండి! ఇసకలో పెట్టండి, ఇసకలో!" అని అరిచింది ప్రిస్కిల్లా.

ఎప్పుడూ వెంట తెచ్చుకునే ఇసక బక్కెట్ ఇన్నాళ్లకి పనికొచ్చింది. చేతికి గుడ్డ చుట్టుకుని బ్యాటరీని ఊడదీసి, ఇసక మీద పెట్టి, దూరం జరిగారు. తరవాత ప్రిస్కిల్లా మిగిలిన మూడింటినీ పెట్టెలోంచి తీసి ఒక్కొక్కటే ఎండకెత్తి చూసింది. రెండింటి పొట్టలు ఉబ్బాయి. పొద్దున్న ఆదరాబాదరా బిగించుకుంటూ చూసుకోలేదు. ఒక్కటంటే ఒక్కటి బాగుంది.

ఆ బ్యాటరీలకి ఆమె చేసే సేవ మహిళా సంఘంలో అందరికీ నవ్వులాట. బాలింతకి కూడా ఇంత పథ్యం పెట్టరనేవారు. ఎగిరొచ్చిన బ్యాటరీని వేడి మీద చార్జింగ్‌కి పెట్టనిచ్చేది కాదు. నీడలో అరగంట ఆరనిచ్చి, చెయ్యి ఆనించి, చల్లబడిందని తెలిశాకే పెట్టేది. పెట్టినా నిండా పెట్టేది కాదు. మీట నొక్కితే నాలుగు పచ్చ చుక్కలు వెలుగుతాయి దానికి. రెండు వెలగ్గానే తీసేసి ఇనప పెట్టెలో దాచేది. మళ్లీ ఎగరేసే రోజు తెల్లారగట్ల మాత్రమే నాలుగు చుక్కలూ నింపాలి. నిండుగా ఉన్న బ్యాటరీ పని లేకుండా కూర్చున్నకొద్దీ లోపల్లోపల చెడుతుందని, ఎండాకాలమైతే మరీ తొందరగా చెడుతుందని శిక్షణలో చెప్పారు. ఆ మాట ఆమె కంఠతా పట్టింది. మండలంలో ఎన్ని సంఘాల వాళ్లకో తనే మళ్లీ చెప్పింది.

తెల్లారగట్ల నింపే పని దుర్గాశ్రీది. డ్రోన్ ఉండేది చర్చి వెనక, పాత బడి గదిలో. దానికి రెండు తాళంచెవులు. ఒకటి పేటలో ప్రిస్కిల్లా ఇంట్లో గుమ్మం పక్క మేకుకి వేలాడుతుంటుంది. రెండోది ఊళ్లో, గదికి వెనక వీధిలోనే ఉన్న దుర్గాశ్రీ దగ్గర. ప్రిస్కిల్లా ఆరింటికి వెళ్లేసరికి ప్రతిసారీ నాలుగు బ్యాటరీలూ నిండి సిద్ధంగా ఉండేవి. పిల్ల పనిమంతురాలే అనుకునేది. పైకి మాత్రం ఒక్కనాడూ అనలేదు. ఇద్దరూ అండీ, గారూ అనుకుంటారు, మందు పాళ్లూ నీళ్ల డ్రమ్ములూ మాట్లాడుకుంటారు, అక్కడితో సరి.

*

శుక్రవారం మధ్యాహ్నం కంపెనీ తరఫున గణేష్‌బాబు అనే కుర్ర టెక్నీషియన్ రాజమండ్రి నుంచి రైల్లో నిడదవోలు దిగి, ఆటోలో వచ్చాడు. బడి గదిలో బల్ల మీద నాలుగు బ్యాటరీలూ వరసగా పెట్టారు. సంఘం లీడరు రత్నమాణిక్యం గారు కుర్చీలో కూర్చుంది. పది మంది దాకా ఆడవాళ్లు గోడల వెంబడి సర్దుకున్నారు. బయట మెట్టు మీద ప్రిస్కిల్లా అత్తగారు జ్ఞానమ్మ, చీపురు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చర్చీ, ఈ గదీ ఊడ్చేది ఆవిడే. ఇంతమంది కూడాక ఊడ్చేదెక్కడ, అందుకని కూర్చుంది.

గణేష్‌బాబు బాగున్న బ్యాటరీకి తన వైరు తగిలించి ఫోన్లో చూశాడు. ఆ తరవాత ఉబ్బినవాటికి, దూరంగా ఉండి, ఒక్కొక్కదానికీ తగిలించాడు. చూస్తున్నకొద్దీ అతని కనుబొమలు దగ్గరపడ్డాయి.

"వీటిని రోజూ ఫుల్‌గా ఉంచుతున్నారా మేడమ్?"

"లేదండీ. రెండు చుక్కల మీదే ఉంచుతాం. నేనే ఉంచుతాను," అంది ప్రిస్కిల్లా.

"ఇందులో అలా లేదు మరి. ఈ నలభై రోజుల్లో మీరు ఎగరేసింది ఐదు రోజులు. ఒకటీ అరా తప్పిస్తే మిగతా రోజులన్నీ ఇవి ఫుల్‌లోనే ఉన్నాయి. పైన రేకులు, బయట ఈ ఎండ. ఖాళీగా వదిలేస్తే పాడవుతాయని అందరికీ తెలుసండి. నిండుగా ఉంచితే పాడవుతాయంటే ఎవరికీ నమ్మకం కుదరదు."

ప్రిస్కిల్లా ఇనప పెట్టె వంక చూసింది. రెండు చుక్కలు చూసి, మూత వేసి, గొళ్లెం పెట్టింది తనే. ఆ చేతులు తనవే కదా. 

"ఎప్పుడు నిండాయో కూడా చూపిస్తుందా అండీ అది?"

"చూపిస్తుందండి. మీరు రెండు దాకా ఆపారు, నిజమే. ఆ మర్నాడు సాయంత్రం ఐదు పదికి మళ్లీ చార్జింగ్ పెట్టారు. ఇంకోసారి ఐదు పన్నెండు. ఐదు ఎనిమిది. ఎవరో గానీ గడియారం పెట్టుకుని చేశారండి."

సాయంత్రం ఐదింటికి ప్రిస్కిల్లా కాలవ గట్టున గేదెకి గడ్డి కోస్తూ ఉంటుంది. పేటలో ఎవరినడిగినా చెబుతారు. మరి ఈ గది తాళంచెవి ఇంకెవరి దగ్గరుంది? ఆమె తల తిప్పి దుర్గాశ్రీ వంక చూసింది. అప్పటిదాకా ఉన్న భయమంతా ఒక్క క్షణంలో కోపమై నోట్లోకొచ్చేసింది.

"తెల్లారగట్ల లేవడానికి బద్ధకమైతే ఆ మాట నాకు చెప్పాల్సిందండి. ముందుగానే నింపి పడేసి, పొద్దున్నే కష్టపడినట్టు నిలబడతారా? ఇవి పాడైతే పోయేది ఎవరి పేరు? నాది కాదూ?"

దుర్గాశ్రీ గోడ దగ్గర్నుంచి ఒక అడుగు ముందుకొచ్చింది. "నేను ఒక్కరోజు కూడా చార్జింగ్ పెట్టలేదండి," అంది.

గది గదంతా నోరు తెరిచింది.

"నేను తెల్లారగట్ల ఐదింటికి వచ్చేసరికే నిండి ఉండేవి. మీరే చూసుకుంటున్నారనుకున్నాను. నా మీద నమ్మకం లేక చేస్తున్నారేమోనని... అడగడానికి నాకు మనసొప్పలేదు."

"వాటంతట అవి నిండటానికి అవేమన్నా ఊటబావులా అమ్మాయ్?" అంది రత్నమాణిక్యం గారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

దుర్గాశ్రీ ఏదో అనబోయింది. ఆమె చూపు ఒకసారి గుమ్మం వైపు వెళ్లింది, అక్కడే ఆగింది, మళ్లీ నేల మీదికి దిగింది. తప్పు చేసిన మొహం ఇలాగే ఉంటుందనుకుంది ప్రిస్కిల్లా. దుర్గాశ్రీ తాళంచెవి తీసి బల్ల మీద, ఉబ్బిన బ్యాటరీల పక్కన పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయింది. మెట్టు దగ్గర జ్ఞానమ్మ చీపురు పక్కకి తీసి దారిచ్చింది.

"ఆదివారం మీటింగులో ఆమె పేరు తీసేద్దాం. జరిగింది జరిగినట్టు కాగితం రాసి ఆఫీసుకి పంపుదాం. ప్రిస్కిల్లా, నువ్వు సంతకం పెట్టు," అంది రత్నమాణిక్యం గారు.

*

ఇంటికొచ్చి ప్రిస్కిల్లా మొహం కడుక్కుంది. గుండె మీంచి బరువు దిగింది. తప్పు తనది కాదని అందరిలో తేలిపోయింది. జ్ఞానమ్మ గ్లాసుడు మజ్జిగ తెచ్చి చేతికిచ్చింది.

"ఇంతకీ ఆ యంత్రం ఎందుకు పడిపోయింది అమ్మాయ్? లోపల ఆ అబ్బాయి చెప్పింది నాకు మెట్టు మీదికి సరిగా వినపడలేదు."

"బ్యాటరీలు చెడిపోయాయి అత్తయ్యా."

"చెడిపోవడమేంటే? నిండా ఉన్నాయిగా. నేనే నింపానుగా!"

మజ్జిగ గ్లాసు ప్రిస్కిల్లా పెదవుల దగ్గరే ఆగిపోయింది.

"ఏంటి?"

"గది ఊడుస్తాను కదా, ఆ పెట్టె గూడా తుడుస్తాను. నువ్వు నొక్కినట్టే నొక్కి చూస్తే సగమే వెలిగాయి. గడ్డికెళ్లే తొందరలో పిల్ల సగంలో వదిలేసిపోయిందనుకున్నాను. ఆ ప్లగ్గు ఒక్కవైపే పడుతుంది, అదేం బ్రహ్మవిద్య? నా ఊడుపూ తుడుపూ అయ్యేసరికి నాలుగూ వెలిగేవి. చర్చిలో పెట్రోమాక్సు లైట్లున్న రోజుల్లో శనివారం శనివారం వాటికి కిరసనాయిలు పోసింది నేనే తెలుసా? సగం నూనెతో లైటు అటకెక్కిస్తే పాస్టరమ్మగారు ఊరుకునేవారు కాదు."

ఆ చెప్పడంలో దాపరికం లేదు, భయం లేదు. కొంచెం గర్వం కూడా ఉంది. ప్రిస్కిల్లా గ్లాసు కింద పెట్టింది. పెట్టాననుకుంది గానీ అది ఒరిగిపోయి మజ్జిగ అరుగంతా పారింది.

ఐదు పది. ఐదు పన్నెండు. చర్చి ఊడ్చాక గది ఊడ్చే వేళ అదేనని ఊరందరితో పాటు తనకీ తెలుసు. తెలిసి కూడా, తాళంచెవి ఎవరి దగ్గరుందని లెక్కేసుకున్నప్పుడు తన గుమ్మం పక్క మేకు తనకి గుర్తు రాలేదు. ఈ ముసలావిడ అసలు లెక్కలోకే రాలేదు.

"నాకొక్కసారన్నా చెప్పలేదే అత్తయ్యా!"

"చెప్పడానికేముంది అందులో?" అంటూ జ్ఞానమ్మ మజ్జిగ తుడవడానికి గుడ్డ తెచ్చుకుంది.

*

శనివారమంతా ప్రిస్కిల్లా తనతో తనే వాదించుకుంది. రత్నమాణిక్యం గారు పంపిన కాగితం టీవీ కింద పెట్టింది. దాంట్లో దుర్గాశ్రీ నిర్లక్ష్యం వల్ల అని రాసి ఉంది. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టారు.

దుర్గాశ్రీ చిన్నది, డిగ్రీ చదివింది. ఇది పోతే ఇంకోటి దొరుకుతుంది. తనకేం దొరుకుతుంది? పదిహేనేళ్లు ఆ చేలల్లోనే నడుం వంచి నాట్లేసిన మనిషి తను. రిమోట్ చేతికొచ్చాకే గట్టు మీద నిటారుగా నిలబడింది. వెంకటరాజు గారంతటి ఆయన పేరు పెట్టి పిలిచేది అప్పటినుంచే. నిజం చెబితే ఆ రిమోట్ ఉంటుందా? పైగా ముసలావిడ పేరు పదిమంది నోళ్లలో పడుతుంది. నోరు మూసుకుంటే అత్తగారి పరువు కూడా దక్కుతుంది కదా అని మనసు ఒక దొంగ సాకు కూడా వెతికి పెట్టింది. ఆ సాకు మీద ఆమెకే అసహ్యం వేసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికి వెళ్లకుండా నేరుగా దుర్గాశ్రీ ఇంటికి వెళ్లింది. దుర్గాశ్రీ వసారాలో పీట మీద కూర్చుని మాగాయకి మామిడికాయలు చెక్కు తీస్తోంది. ఈమెను చూసి లేవబోయింది, లేవలేదు. చెంబుతో మంచినీళ్లు మాత్రం తెప్పించింది.

ప్రిస్కిల్లా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చెంబు వంకే చూస్తూ అంది: "నింపింది మీరు కాదండి."

"నాకు తెలుసండి."

"మీరు కాదని మీకు తెలుసు, సరే. ఎవరో..."

"ఎవరో కూడా తెలుసండి. మీ అత్తగారు."

ప్రిస్కిల్లా చటుక్కున తలెత్తింది. దుర్గాశ్రీ చాకు ఆపకుండా చెప్పుకుపోయింది.

"పోయిన నెలలో గొడుగు మర్చిపోయి సాయంత్రం వెనక్కొచ్చాను. మామ్మగారు ఊడుస్తున్నారు, చార్జర్ ఫ్యాను తిరుగుతోంది. మీరే చెప్పి పెట్టించారనుకున్నాను. మొన్న టెక్నీషియన్ ఐదు పది అనగానే, మీకు తెలీకుండా ఆవిడే పెడుతున్నారని అర్థమైపోయింది."

"మరి అక్కడే చెప్పలేదేంటండీ? అన్ని మాటలన్నాను కదా మిమ్మల్ని!"

"ఆవిడ ఎదురుగా మెట్టు మీద కూర్చుని ఉన్నారండి. చీపురు ఒళ్లో పెట్టుకుని. ఏం జరుగుతోందో కూడా ఆవిడకి తెలీదు. అంతమందిలో ఆవిడ మీదకి వేలు చూపించమంటారా?" చెక్కు తెగి ఒళ్లో పడింది. తీసి పక్కన పెట్టింది. "చూపించినా నమ్మేవారు కాదులెండి. తన తప్పు ముసలావిడ మీదకి నెట్టిందనేవారు. మీరే ముందు అనేవారు."

అవును, తనే ముందు అనేది. గుమ్మం వైపు వెళ్లి ఆగిపోయిన ఆ చూపు ఇప్పుడు ప్రిస్కిల్లా కళ్లకి కట్టింది. దాన్ని చూసి తను ఏమనుకుందో కూడా గుర్తొచ్చి, వసారా మెట్టు మీద అలాగే కూలబడింది.

ఈ మాట మన ఇద్దరి మధ్యే ఉంచండని అడుగుదామని ఒక మూల అనుకుంటూనే వచ్చింది. ఆ పని ఈ పిల్ల రెండు రోజుల క్రితమే, ఎవరూ అడక్కుండానే చేసేసింది.

"మీటింగుకి రండి మీరు," అంది లేస్తూ.

"నన్ను తీసేసే మీటింగుకి నేనెందుకండీ?"

"రండి. మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను."

*

మూడింటికి బడి గదిలో అందరూ చేరారు, దుర్గాశ్రీ కూడా. శుక్రవారం పెట్టిన తాళంచెవి బల్ల మీద అలాగే ఉంది. రత్నమాణిక్యం గారు కలం మూత తీసి ఇచ్చింది. ప్రిస్కిల్లా కలం తీసుకోలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి పక్కన పెట్టింది.

"ఇది తప్పు కాగితమండి. బ్యాటరీలు నింపింది మా ఇంటి తాళంచెవితో. మా అత్తగారు నింపారు. పాపం ఆవిడ తప్పు లేదు. అవి సగం మీద ఎందుకుంచాలో మండలమంతా తిరిగి చెప్పాను గానీ, నా ఇంట్లో మనిషికి చెప్పలేదు. తెల్లారగట్ల నిండి ఉంటే ఎవరు నింపారని ఈ అమ్మాయిని ఒక్కసారీ అడగలేదు. అడిగుంటే మొదటి వారమే తేలిపోయేది."

"మరి మొన్న ఈ పిల్లని అన్నేసి మాటలన్నావు!" అంది రత్నమాణిక్యం గారు. ఊటబావి అన్నది తనేనని గుర్తు లేనట్టుంది. "చూసుకోవాల్సిన పైలటువి నువ్వు. ఈ పంటకి రిమోట్ దుర్గాశ్రీ పట్టుకుంటుంది. కాగితం అలాగే రాయాలి మరి."

"రాయండి. సంతకం పెడతాను."

అనేసింది గానీ, రిమోట్ తీసి దుర్గాశ్రీ ముందు పెడుతుంటే వేళ్లు దాన్ని వదలడానికి ఒక క్షణం మొరాయించాయి. దుర్గాశ్రీ వెంటనే పుచ్చుకోలేదు.

మెట్టు మీంచి జ్ఞానమ్మ లేచి లోపలికి వచ్చింది. అత్తగారన్న మాట వినపడింది, తన మీద కోప్పడుతున్నారని మాత్రం అర్థమైంది. అందరి మొహాలూ చూసింది.

"నిండుగా ఉంటే తప్పేంటమ్మా?"

దుర్గాశ్రీయే లేచి, బాగున్న ఒక్క బ్యాటరీనీ దగ్గరికి తెచ్చి, ఆవిడ వేలు పట్టి మీట మీద పెట్టింది. గణేష్‌బాబు పోతూ పోతూ దాన్ని సగానికి తెచ్చి వెళ్లాడు. రెండు పచ్చ చుక్కలు వెలిగాయి.

"ఇక్కడికొచ్చాక ఇంక పెట్టకూడదు మామ్మగారూ. నిండుగా ఊరికే కూర్చోబెడితే వీటికి ఆయుష్షు తగ్గిపోతుంది. ఎగిరే రోజు పొద్దున్నే నింపుకుంటాం."

జ్ఞానమ్మ ఆ రెండు చుక్కల వంకా, వెలగని రెండు చుక్కల వంకా చాలాసేపు చూసింది.

"సగం పెట్టి మూతేస్తే ఎలాగమ్మా? ఎవరన్నా తీసి చూస్తే, ఈ ఇంట్లో ఆడవాళ్లెవరూ లేరా అనుకోరూ?"

*

ఇంటికొచ్చాక జ్ఞానమ్మ పెరట్లో గట్టు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ప్రిస్కిల్లా దాహమై వంటింట్లోకి వెళ్లింది. గూట్లో స్టీలు బిందెలు రెండూ అంచుల దాకా నిండి, మూతలు పెట్టి ఉన్నాయి. గ్లాసు ముంచబోయి ఆగింది.

బిందెలు నిండుగా ఉన్నాయి. ఎప్పుడూ నిండుగానే ఉంటాయి.

గ్లాసు పట్టుకునే పెరట్లోకి వచ్చింది. "అత్తయ్యా, కుళాయి ఎన్నింటికి వదులుతారు?"

జ్ఞానమ్మ చేట ఆపి, కోడలికి మతి చలించిందా అన్నట్టు చూసింది. "తెల్లారగట్ల మూడున్నరకి. ఓ పావుగంట ఉంటుంది, అంతే. ఎందుకే?"

పదహారేళ్లయింది ప్రిస్కిల్లా ఈ ఇంటికొచ్చి. తను లేచేది నాలుగున్నరకి. గ్లాసు గట్టు మీద పెట్టి, జ్ఞానమ్మ పక్కన కూర్చుని, చేట తన ఒళ్లోకి తీసుకుంది.

"రేపు నన్ను కూడా లేపండి," అంది.